థార్న్‌లో ముందు తలుపు

థార్న్‌లో అనే ఆ పెద్దింటి ముందు తలుపు మూడు సందర్భాల్లోనే తెరుస్తారు. కొత్త పెళ్ళికూతురు లోపలికి వచ్చేటప్పుడు, శవపేటిక బయటికి వెళ్ళేటప్పుడు, రాజకుటుంబంలో ఎవరైనా విందుకి వచ్చినప్పుడు. మూడోది ఇంతవరకూ జరగలేదు. అయినా ఇక జరగదని బ్రోమ్‌ఫీల్డ్ వంశంలో ఎవరూ ఒప్పుకోలేదు.

యుద్ధం రోజుల్లో సైన్యం ఆ ఇంటిని వాడుకుంది. అప్పుడొక మేజరు ముందు తలుపు తాళంచెవి అడిగితే, మిస్ లెటీషియా బ్రోమ్‌ఫీల్డ్ ఆయన్ని బూట్ల దగ్గర్నుంచి మీసాల దాకా చూసి, "మీరు పెళ్ళికూతురా, శవమా?" అంది. మేజరు టోపీ తీసి, ప్రస్తుతానికి రెండూ కానని చెప్పి, తోటవైపు తలుపులోంచి వెళ్ళాడు. లెమ్‌స్టర్ సంతలో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అందులో నవ్వాల్సిందేముందో మిస్ లెట్టీకి మాత్రం అర్థం కాదు.

ఆ అక్టోబరు ఉదయం ఆవిడ తడి పచ్చికలో నిలబడి తన ఇంటిని చూసుకుంటోంది. పెయింటరు ముందురోజు సాయంత్రమే పని ముగించి వెళ్ళాడు. తలుపు మీది నల్లరంగు నిలిచిన నీళ్ళలా మెరుస్తోంది. తలుపు తట్టడానికి పెట్టిన ఇత్తడి సింహాన్ని ఆవిడే స్వయంగా తోమింది. తలుపుకి అటూ ఇటూ ఎర్ర ఇటుక గోడ, తెల్లరాతి అంచులు, కింద ఒక వరుస పొడవాటి కిటికీలు, పైన ఇంకో వరుస, వాటన్నిటిమీదా కిరీటంలా రాతి పిట్టగోడ.

ఆ కిటికీల్లో రెండు దొంగ కిటికీలు. వాటికి అద్దమూ లేదు, చట్రమూ లేదు. ఇటుకల మీద నల్లరంగు పూసి, దానిమీద తెల్లటి గీతలతో చట్రం గీస్తారు. ఏటా ఆపిల్ కోతలప్పుడు వాటికి కొత్త రంగు పడాల్సిందే. చిన్నప్పుడు లెట్టీ వచ్చిన చుట్టాలనల్లా గేటు దగ్గర నిలబెట్టి, ఏవి నిజమైనవో ఏవి దొంగవో చెప్పుకోమని ఆటపట్టించేది. ఎవరూ చెప్పలేకపోయేవారు. అప్పుడు ఆ పిల్ల మొహంలో కనబడిన గర్వం అరవై దాటినా ఆవిడ మొహంలో అలాగే ఉంది.

ఇంటికి ఈ ముఖం పెట్టించినవాడు ఆంబ్రోస్ బ్రోమ్‌ఫీల్డ్, మిస్ లెట్టీకి తాతకి తాత. లండన్‌లో ఒక చలికాలం గడిపి వచ్చి, తను పుట్టిన పాత కర్ర ఇంటిని చూసి సిగ్గుపడ్డాడట. మొత్తం పడగొట్టి కట్టే స్తోమత లేక, ముందువైపు మాత్రం కొత్త ఇటుక గోడ లేపి, దాని వెనక కొన్ని మంచి గదులు దిద్దించాడట. వెనకభాగం పాతగానే ఉండిపోయింది: వంకర దూలాలు, మట్టి మెత్తిన గోడలు, వంటిల్లు, పాలగది, పైన ఆపిల్ పళ్ళు దాచుకునే అటక. ఇంట్లో ఉన్న ప్రతి చిత్తరువులోనూ, అచ్చువేయించిన ప్రతి క్రిస్మస్ కార్డు మీదా ముందువైపే ఉంటుంది. వెనకవైపుకి ఎవరూ ఒక్క ఫొటో కూడా తీయలేదు.

వంటమనిషి మిసెస్ ప్రాసర్ మాత్రం ఆ ఇంటిని చూసి, పైన పట్టు గౌను, లోపల గోనెపట్టా అనేది. మిస్ లెట్టీకి వినబడేలాగే అనేది.

ఇల్లిప్పుడు అన్న కొడుకు హంఫ్రీది. మంచివాడే. అత్తంటే ప్రేమ కూడా. కానీ యుద్ధం తర్వాత ముందుభాగం కప్పు కారడం మొదలైంది. డ్రాయింగ్ రూములో బకెట్లు పెట్టాల్సి వస్తోంది. తోటవైపు గది నేల బూజు పట్టి కుంగిపోతే, ఆ తలుపుకి చెక్కలు కొట్టి మూసేశారు. అప్పట్నుంచి మిస్ లెట్టీ కూడా వంటింటి తలుపులోంచే తిరుగుతోంది. అదేమిటని అడిగితే, తాత్కాలికం అంటుంది. హంఫ్రీ భార్య డాఫ్నీతో, పిల్లలతో ఊళ్ళో ఒక చిన్న కాటేజీలో ఉంటున్నాడు. పిల్లల్ని గొడుగు కింద పడుకోబెట్టడం తనకిష్టం లేదని మొన్న వేసవిలో అత్తతో చెప్పేశాడు. చుట్టుపక్కల పెద్ద ఇళ్ళు ఒక్కొక్కటే నేలకూలుతున్నాయి. ఇటుకలకీ ఓకు చెక్కకీ గిరాకీ ఉందని పడగొట్టే కంట్రాక్టరు రెండుసార్లు వచ్చి చూసుకుపోయాడు కూడా.

చివరికి ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. దేశంలోని పాత ఇళ్ళని పరిశీలించి, కాపాడదగ్గవేవో తేల్చడానికి ప్రభుత్వం మనుషుల్ని పంపుతోంది. ఈ జిల్లాకి మిస్టర్ ఇన్‌స్కిప్ అనే ఆయన వస్తున్నాడు. ఆయన థార్న్‌లో నిలవాల్సిన ఇల్లేనంటే హంఫ్రీ ఏదో ఒక దారి చూస్తాడు. ఇలాంటివి చాలా ఉన్నాయని ఆయన తేల్చేస్తే మాత్రం, క్రిస్మస్ వెళ్ళగానే కంట్రాక్టరు వస్తాడు. అత్త ఇక ఒక్క మాట కూడా అడ్డు చెప్పకూడదు.

మిస్ లెట్టీ వెంటనే సరేనంది. ఆంబ్రోస్ కట్టించిన ఈ ముఖాన్ని చూసి ఎవడైనా చాలా ఉన్నాయనగలడన్న అనుమానం ఆవిడకి కలలో కూడా రాలేదు.

పరిశీలకుణ్ణి ముందు తలుపులోంచే తీసుకురావాలని కూడా ఆవిడే నిర్ణయించింది. ఆనవాయితీ ఏం కావాలని మిసెస్ ప్రాసర్ అడిగింది. ప్రభుత్వం రాణిగారిది కాబట్టి, ఆ ప్రభుత్వం పంపిన మనిషి ఒక విధంగా రాజకుటుంబం తరఫున వచ్చినట్టేనని మిస్ లెట్టీ చెప్పింది.

"అయితే పోస్టుమాన్‌కి కూడా తెరవాలి కదా మిస్ లెట్టీ. వాడూ రాణిగారి మనిషే," అంది ప్రాసర్, పిండి పిసుకుతూ తల ఎత్తకుండా.

"నువ్వు నీ స్కోన్ రొట్టెల సంగతి చూసుకో ప్రాసర్. ఆయన టీ డ్రాయింగ్ రూములో తాగుతాడు. ఇటువైపు రాడు. నువ్వూ కనబడకు, ఆ గోడకి వేలాడే పంది తొడలూ కనబడకూడదు."

"నేనంటే పాలగదిలో దాక్కుంటాను. పంది తొడల్ని దాక్కోమని మీరే చెప్పండి, నా మాట వినవు."

మిస్టర్ ఇన్‌స్కిప్ మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చాడు, కారులో కాదు, లెమ్‌స్టర్ స్టేషన్ నుంచి వానలో సైకిలు తొక్కుకుంటూ. నలభై ఏళ్ళుంటాయి. పొడుగాటి మనిషి, ముక్కు ఎర్రగా ఉంది, ప్యాంటు కాళ్ళకి ఇంకా సైకిలు క్లిప్పులున్నాయి. బూట్లలోంచి నీళ్ళు చిప్పిల్లుతున్నాయి. రాణిగారి తరఫు మనిషిని మిస్ లెట్టీ ఇంకాస్త ఆరిన మనిషిగా ఊహించుకుంది.

అయినా మర్యాదకి లోటు చెయ్యలేదు. హంఫ్రీని పరిచయం చేసి, లోపలికి వెళ్ళి తలుపు తెరవమని అతణ్ణి పంపి, తను పరిశీలకుడితో పచ్చికలో నిలబడింది. కాసేపు మాట్లాడకుండా ఊరుకుంది. ఈ ఇంటిని మొదటిసారి చూసేవాళ్ళకి ఆ కాస్త నిశ్శబ్దం ఇవ్వడం ఆవిడకి అలవాటు.

ఆయన చూశాడు. రుమాలుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇటుక పని చక్కగా ఉందన్నాడు. ఆ రోజుల్లో మేస్త్రీల దగ్గర ఇంటి నమూనాల పుస్తకాలుండేవనీ, ఇది వాటిలో ఒక నమూనా అనీ, పిట్టగోడ కూడా అందులోంచి వచ్చిందేననీ చెప్పాడు. ఆ తర్వాత, ఎదుటివాళ్ళ కోటు మీద దారప్పోగు తీసేసినంత తేలిగ్గా, "పైవరుసలో ఆ రెండూ రంగేసినవే కదూ?" అన్నాడు.

మిస్ లెట్టీ ఆ కిటికీల వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కడూ పట్టుకోలేదు.

"తలుపు కూడా సరిగ్గా మధ్యలో లేదు," అన్నాడాయన. "కొద్దిగా ఎడమకి జరిగింది. పాత ఇంటికి కొత్త ముఖం తొడిగినప్పుడు ఇలాంటి తేడాలు వస్తాయి. చూడముచ్చటగానే ఉంది, మిస్ బ్రోమ్‌ఫీల్డ్. కానీ ఈ జిల్లాలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి."

ఏ మాట వస్తే క్రిస్మస్ తర్వాత సుత్తి పడుతుందో, సరిగ్గా ఆ మాటే వచ్చింది. వినడానికి హంఫ్రీ పక్కన లేడని మిస్ లెట్టీ ఊపిరి పీల్చుకోబోయింది. అంతలో తలుపు అవతలినుంచి ధన్‌మని శబ్దం వచ్చింది.

మళ్ళీ ధన్‌మంది. ఇత్తడి సింహం ఎగిరిపడింది. తలుపు కదల్లేదు. తలుపు వెనకనుంచి హంఫ్రీ గొంతు, తాళం తిరిగింది, గడియ కూడా తీశాను, అయినా ఇది రావట్లేదత్తా అంది.

సంగతి ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తలుపు కాస్త తెరిచి పెడితే అంచులకి కూడా రంగేస్తానని మొన్న పెయింటరు అడిగాడు. ఇంట్లో పెళ్ళీ లేదు, చావూ లేదు, మూసి ఉండగానే వెయ్యమంది. అంతకుముందు పెయింటర్లు అడిగితే మిస్ లెట్టీ నాన్న కూడా అదే చెప్పాడు. ఆయనకి ముందు ఆయన నాన్న. హంఫ్రీ తండ్రి పోయినప్పుడు తెరిచిన తలుపు మీద ఆ తర్వాత పూతమీద పూత పడి, తలుపూ ద్వారబంధమూ ఒకే చెక్క అయిపోయాయి. ఆంబ్రోస్ తలుపుని బ్రోమ్‌ఫీల్డులే మర్యాదగా, శ్రద్ధగా మూసి అతికించేశారు.

హంఫ్రీ భుజంతో నాలుగు దెబ్బలు వేసి, ఇంటి చుట్టూ తిరిగి, చెయ్యి రుద్దుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి ఎక్కిస్తే ఎలా ఉంటుందని మెల్లిగా అడిగాడు. మిస్ లెట్టీ చూసిన చూపుకి ఆ మాట అక్కడే వదిలేశాడు.

మిస్టర్ ఇన్‌స్కిప్ రెండుసార్లు తుమ్మి, తనకి ఏ తలుపైనా ఫరవాలేదన్నాడు. కాళ్ళు ఆరబెట్టుకోవడానికి కాస్త నిప్పుంటే అదే చాలన్నాడు.

ఇంకో దారి లేదు. ఒక్క క్షణం మిస్ లెట్టీకి ఆయన్ని పంపేసి, మరోరోజు రమ్మందామనిపించింది. కానీ వచ్చిన మనిషి తడిసి ఉన్నాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. తడిసినవాణ్ణి గుమ్మంలోంచి పంపేశారన్న మాట థార్న్‌లోకి ఎన్నడూ రాలేదు. ఆవిడ వీపు నిటారుగా చేసుకుని, గౌను అంచు కాస్త ఎత్తిపట్టుకుని, చర్చిలో ఊరేగింపు నడిపించినట్టు వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని, బొగ్గుల కొట్టు పక్కనుంచి, కోళ్ళ గూడు పక్కనుంచి, వంటింటి తలుపు దగ్గరికి నడిచింది.

తలుపు దాటగానే సన్నటి నడవా. ఒకవైపు వంటిల్లు, ఇంకోవైపు పాలగది. గోడలకి వంటింటి ఆకుపచ్చ రంగు. నడవా మధ్యలో గోడలోంచి పొడుచుకొచ్చిన లావాటి స్తంభానికి మేకులు, మేకులకి పాత కోట్లు, వాటిపైన ఉప్పు పట్టించి ఆరగట్టిన పంది తొడలు. ప్రాసర్ వాటిని తీయలేదు. దాక్కోనూ లేదు. పొయ్యి ముందు కుర్చీ వేసి, దాని ఆనుడు మీద తువ్వాలు కూడా సిద్ధంగా పెట్టింది.

"ఇటే వస్తారని తెలుసు," అంది. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. తలుపు మీద హంఫ్రీ దెబ్బలు పాలగదిలో గిన్నెల్ని కూడా కదిపాయి.

మిస్టర్ ఇన్‌స్కిప్ కుర్చీ దాకా వెళ్ళలేదు. నడవాలోనే ఆగిపోయాడు. పంది తొడల వంక చూస్తున్నాడని మిస్ లెట్టీ చెవులు వేడెక్కాయి. ఈ దారి తాత్కాలికమని చెప్పబోయింది. ఆయన వినడం లేదు. ఒక కోటు పక్కకి జరిపి, స్తంభం మీద అరచెయ్యి పెట్టి, పైకి, ఇంకా పైకి తడుముతూ వెళ్ళాడు. రంగుపూతల కింద ఏవో గాడులు, ఉబ్బులు. చెయ్యి ఒకచోట ఆగింది.

"దీని జోడీ ఎక్కడుంది?" అన్నాడు. గొంతు మారిపోయింది.

"ఏమిటి జోడీ?" అన్నాడు హంఫ్రీ.

"పాలగదిలో ఉంది," అంది ప్రాసర్. "వెన్న చిలికే కవ్వం దానికే కడతాను. ఇంతే లావు. ఎందుకండీ?"

ఆయన జవాబు చెప్పకుండా పాలగదిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి పైన ఏముందని అడిగాడు. ఆపిల్ పళ్ళని చెప్పింది ప్రాసర్. తడి బూట్లు విప్పేసి, చిల్లుపడ్డ మేజోళ్ళతోనే ఆ మనిషి అటక మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ప్రాసర్ పొయ్యి పక్కన వేలాడే లాంతరు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

మిస్ లెట్టీ వెనకే ఎక్కింది. జాగ్రత్త అత్తా, పడతావని కిందనుంచి హంఫ్రీ అంటూనే ఉన్నాడు. చిన్నప్పటి తర్వాత ఆవిడ అక్కడికి వెళ్ళలేదు. అప్పుడు దాగుడుమూతల్లో ఈ అటకే ఆవిడ చోటు. దిగి వచ్చేసరికి చేతులు, గౌను, మొహం నల్లగా అయ్యేవి. ఆయా చెవి మెలిపెట్టి, ఇది కడగని ఇల్లు, అక్కడికి పెద్దింటి పిల్లలు వెళ్ళకూడదని చెప్పేది. అలా చెప్పగా చెప్పగా ఆ పిల్ల నమ్మింది.

అటక నిండా గడ్డి పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చిన ఆపిల్ పళ్ళు. వాటి తియ్యటి వాసన కింద ఇంకో వాసన, పాత పొగ వాసన. మిస్టర్ ఇన్‌స్కిప్ లాంతరు ఎత్తాడు. పైన దూలాలు, వాసాలు కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. దూలం నుంచి కప్పుకి వంపు తిరిగి ఎక్కిన ఊతకర్రలు, ప్రతిదాని అంచూ మూడు రేకుల ఆకులా చెక్కి ఉంది. వరుసలు వరుసలుగా నల్లటి ఆకులు, అటక ఆ చివరిదాకా.

ఆయన వేలితో దూలాన్ని రుద్ది, నల్లబడ్డ వేలు చూపించాడు. ఇది మురికి కాదన్నాడు. పొగగొట్టాలు లేని రోజుల్లో ఇంటి నడిమధ్య నేల మీద నిప్పు వేసేవాళ్ళు. కింద నేల నుంచి ఈ కప్పుదాకా అంతా అప్పుడొకటే గది. ఇంటివాళ్ళూ, పనివాళ్ళూ, కుక్కలూ అందరూ ఆ నిప్పు చుట్టూనే. ఆ పొగ ఇది. ఆంబ్రోస్ పుట్టడానికి ఎన్నో తరాల ముందటి పొగ. తర్వాతెవరో మధ్యలో అంతస్తు వేశారు, ఈ భాగం అటకయింది, దీని సంగతి ఊరూ ఇల్లూ మరిచిపోయాయి.

"ఇవి ఎవరూ చూడని చోట పెట్టడానికి చెక్కినవి కావు," అన్నాడు. "కింద కూర్చుని అన్నం తినే వాళ్ళు తలెత్తి చూసుకోవడానికి చెక్కారు."

మిస్ లెట్టీ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఇది నాది అనుకుంది. చెవి మెలిపెట్టించుకున్నది దీనికోసమా అనుకుంది. ఆ తర్వాత మరో ఆలోచన వచ్చి, మనసు కలుక్కుమంది. అయితే ఆంబ్రోస్? ఇంత సంపదని చూసి సిగ్గుపడి, ఇటుక గోడ వెనక దాచేసిన మనిషా ఇన్నాళ్ళూ తను తల మీద పెట్టుకున్నది?

ఆవిడ లాంతరు తీసుకుని ముందువైపుకి నడిచింది. అక్కడ పాత కప్పు ఆంబ్రోస్ ఇటుక గోడ వెనక్కి వచ్చి ఆనుతుంది. గోడకి ఆనుకుని ఒక పెద్ద స్తంభం కిందికి దిగిపోతోంది. కొంచెం దూరంలో ఇంకొకటి. వాటి మధ్య దూరం ఆవిడకి ఎక్కడో చూసినట్టనిపించింది. ఏటా పచ్చికలో నిలబడి పెయింటరుకి చెప్పి గీయించేది ఆవిడే కదా. ఎదురుగా గోడ లేనట్టే, ఆవిడ కళ్ళకి అవతలివైపు కనబడింది.

"మిస్టర్ ఇన్‌స్కిప్, ఈ స్తంభానికి సరిగ్గా అవతల, బయటివైపు, ఏముందో తెలుసా?"

ఆయన ఆగి, లెక్క వేసుకుంటున్నట్టు తల తిప్పి చూశాడు.

"నా దొంగ కిటికీ," అంది మిస్ లెట్టీ. "ఆ రెండో స్తంభానికి రెండోది. ఇక్కడ నిజం కిటికీ పెట్టాలంటే ఈ స్తంభాలు కొయ్యాలి. మా ఆంబ్రోస్ కొయ్యలేదు. దానికి బదులు ఇటుక మీద రంగు పూయించుకున్నాడు."

మిస్టర్ ఇన్‌స్కిప్ దగ్గరికి వచ్చి స్తంభం పక్కన ఇటుకల్ని తట్టి చూశాడు. ఆవిడే మళ్ళీ అంది, ఈసారి మెల్లిగా, ఒక్కొక్క మాటా తనకే చెప్పుకుంటున్నట్టు. "తలుపు మధ్యలో లేదన్నారు మీరు. అది కింద నడవాకి ఎదురుగా ఉంది. పాత ఇంటి దారి ఎక్కడుందో అక్కడే పెట్టాడు. తన కొలత చెడగొట్టుకున్నాడు గానీ, ఇంటి దారి మార్చలేదు."

"నేను చూడలేదు," అన్నాడాయన. "బయట నిలబడి లోపమనుకున్నాను." తను తిరిగిన ఇళ్ళలో చాలామంది కోసేశారని చెప్పాడు. స్తంభాలు కోసి కిటికీలు పెట్టారు, కిటికీలు అద్దినట్టు కుదిరాయి, ఆపైన మెల్లిగా కప్పు కుంగింది. నమూనా ప్రకారం అంతా సరిగ్గా ఉన్న ఇళ్ళలో ఇలాంటి కప్పు తనకి ఇప్పటిదాకా దొరకలేదన్నాడు.

సిగ్గుపడ్డాడన్న కథ ఎవరు పుట్టించారో గానీ, అది అబద్ధమని మిస్ లెట్టీ ఆ నిమిషాన తేల్చేసింది. చలికి వణుకుతున్న ముసలావిడకి కోటు తొడిగినవాడు ఆమెని చూసి సిగ్గుపడినట్టా? ఆవిడ నల్లటి దూలం మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. తీసి చూసుకుంది. తుడుచుకోలేదు.

కిందికి దిగేసరికి ప్రాసర్ వంటింటి బల్ల మీదే టీ పెట్టేసింది. పంచదార ఇంకా రేషనులోనే ఉన్నా, స్కోన్ల పక్కన దాచుకున్న ప్లమ్ పళ్ళ జామ్ సీసా వెలిసింది. డ్రాయింగ్ రూము మాట ఎవరూ ఎత్తలేదు. మిస్టర్ ఇన్‌స్కిప్ పొయ్యికేసి కాళ్ళు చాపుకుని, ఆవిరి కక్కుతున్న మేజోళ్ళతో కూర్చుని, హంఫ్రీ అడగకముందే చెప్పేశాడు. ఈ ఇంటిని కాపాడాల్సిన ఇళ్ళ జాబితాలో అన్నిటికంటే పైన పెట్టమని రాస్తానన్నాడు. ముందుభాగం, వెనకభాగం, రంగేసిన కిటికీలతో సహా. ఇక దీనిమీద ఎవరు సుత్తి ఎత్తాలన్నా ముందు లండన్‌కి జవాబు చెప్పుకోవాలి.

హంఫ్రీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. "నాకూ సంతోషంగానే ఉంది," అన్నాడు చివరికి. "అత్తా, అలా చూడకు, నిజంగానే ఉంది. కానీ సుత్తి ఆపినంత తేలిగ్గా వాన ఆపలేం కదా. డాఫ్నీకీ పిల్లలకీ ఏం చెప్పను? బకెట్ల మధ్య పడుకోమననా?"

"నా వంటింట్లో బకెట్ చూశావా ఎప్పుడైనా?" అంది ప్రాసర్.

అందరూ ఆవిడ వంక చూశారు.

"చూడలేదు కదా. పాలగదిలో? అటక మీద? ఆ పళ్ళమీద ఒక్క చుక్క పడిందా? కారేదంతా ఆ పిట్టగోడ వెనకే. నీళ్ళు పోయే దారి సన్నగా పెట్టాడు మీ ఆంబ్రోస్ తాత. ఇటువైపు కప్పు నేను వచ్చినప్పట్నుంచి తుమ్మనైనా తుమ్మలేదు. ఈయన ఒక్కడే తుమ్ముతున్నాడు."

మిస్టర్ ఇన్‌స్కిప్ తల ఊపాడు. ముందు పిట్టగోడ వెనక కాలువ వెడల్పు చేయించాలనీ, దానికి ప్రభుత్వం వైపునుంచి కొంత సాయం అడిగి చూస్తాననీ అన్నాడు. ఈలోగా కుటుంబం వెనకభాగంలో హాయిగా ఉండొచ్చు. అసలు ఇల్లు ఇదే కదా. హంఫ్రీ చుట్టూ చూశాడు, ఆ గదిని కొత్తగా చూస్తున్నట్టు. పొయ్యి, నల్లటి దూలం, లోతైన కిటికీ అరుగు. డాఫ్నీకి వంటిల్లు పెద్దదిగా ఉండాలన్నదొక్కటే కోరికని ఒప్పుకున్నాడు. పిల్లల సంగతి అడగక్కర్లేదు, అటకని చూస్తే వాళ్ళు కిందికి దిగరు.

"దిగినప్పుడు నల్లగా ఉంటారు," అంది మిస్ లెట్టీ. "వాళ్ళనేమీ అనకండి."

వెళ్ళేముందు హంఫ్రీ పనిముట్ల డ్రాయరులోంచి పదునైన చాకు తీశాడు. తలుపు చుట్టూ ఉన్న రంగు కోసేస్తే చాలు, ఊడొస్తుంది. ఇన్‌స్కిప్‌గారిని ఆ దారినే సాగనంపుదామన్నాడు. ఈ రోజు ఆ గౌరవానికి తగినవాడని కూడా అన్నాడు.

మిస్ లెట్టీ చెయ్యి చాపింది. అరచేతి మీద మసి ఇంకా అలాగే ఉంది. హంఫ్రీ చాకు అందులో పెట్టాడు. ఆవిడ దాన్ని తిరిగి డ్రాయరులో పెట్టి మూసింది.

"ఇంట్లో పెళ్ళి లేదు," అంది. "రెండోదానికి నాకింకా తొందర లేదు. ఆ రోజు వచ్చినప్పుడు నువ్వే కోసుకో హంఫ్రీ, రంగు చెడకుండా. అంతదాకా ఈ ఇంటికి వచ్చేవాళ్ళంతా ఇటునుంచే వస్తారు."

"రాణిగారొస్తే?" అంది ప్రాసర్.

మిస్ లెట్టీ ఆలోచించింది. ఆ విషయంలో తొందరపడి మాట ఇవ్వడం ఆవిడకి అలవాటు లేదు.

"ఆవిడ కూడా," అంది.

మిస్టర్ ఇన్‌స్కిప్ ఆరీ ఆరని బూట్లు తొడుక్కుని, నడవాలో ఆ స్తంభం దగ్గర మళ్ళీ ఒక్క నిమిషం ఆగాడు. దానిమీది రంగు మెల్లిగా గీకిస్తే కింది చెక్కడం బయటపడుతుందన్నాడు. ప్రాసర్ వెంటనే స్టూలు జరిపి, పంది తొడలు తీయడానికి చెయ్యెత్తింది. పొద్దున్న చెప్పినప్పుడు కదలని మనిషి ఇప్పుడు కదిలింది.

"ఉండనీ ప్రాసర్," అంది మిస్ లెట్టీ. "గీకేవాళ్ళే వాటి వెనక చోటుకి వచ్చినప్పుడు జాగ్రత్తగా గీకుతారు. మా ముత్తవ్వ రోజుల నుంచీ అవి అక్కడే ఉన్నాయి. వాటికీ ఇంట్లో హక్కుంది."

మర్నాడు పాదరీగారి భార్య పలకరించి పోవడానికి వచ్చింది. తోటవైపు తలుపుకి చెక్కలు కొట్టి ఉన్నాయి, ముందు తలుపు తట్టే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. పెద్దింటివాళ్ళని ఇబ్బందిపెడుతున్నానేమోనని మొహమాటపడుతూ వంటింటి గుమ్మంలో నిలబడింది. మిస్ లెట్టీ స్వయంగా తలుపు తీసి, పక్కకి తప్పుకుని, ఆవిణ్ణి నడవాలోకి నడిపించింది. స్తంభం దగ్గర ఆపి, తను ఏమీ మాట్లాడకుండా, చూడడానికి ఆవిడకి కాస్త నిశ్శబ్దం ఇచ్చింది.